కవర్ మీద ఆ అంకె వద్దండీ: మన పరిశోధన పత్రిక సంపాదక మండలికి బహిరంగ లేఖ

సంపాదక మండలి పెద్దలందరికీ నమస్కారం.

మొన్న సోమవారం మా కాలేజీ పని మీద ప్రెస్‌కి వెళ్తే అక్కడి కుర్రాడు "మీ జర్నల్‌ది కూడా వచ్చిందండి, చూస్తారా" అంటూ కొత్త సంచిక కవర్ ప్రూఫ్ తెచ్చి చేతిలో పెట్టాడు. కొబ్బరి చెట్ల మధ్య కాలువ బొమ్మ చాలా బాగా వచ్చింది. కానీ దాని కింద ఎర్రటి గుండ్రంలో "ఇంపాక్ట్ ఫ్యాక్టర్" అని వేసి, పక్కన ఐదు పైచిలుకు అంకె ఒకటి, చుక్క తర్వాత మూడు స్థానాలతో సహా అచ్చువేశారు. ఆ షీటు పట్టుకుని అక్కడే కాసేపు నిలబడిపోయాను. మొదటి సంచిక నుంచి ఈ పత్రికకు చందా కడుతున్న మనిషిని, మా కాలేజీ లైబ్రరీలో ప్రతి సంచికనీ అట్ట వేయించి దాచినదాన్ని, అందుకే ఈ మాట మీకు ఫోన్‌లో చెప్పి ఊరుకోవడం సరిపోదనిపించింది. ఇందులో రాసినవాళ్ళూ చదివేవాళ్ళూ అందరూ వినాల్సిన మాట ఇది.

ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో మండలిలో ఉన్న ఇద్దరు ముగ్గురిని అడిగాను. ఒక సంస్థ మెయిల్ పెట్టిందట, డబ్బు కడితే వారంలో సర్టిఫికెట్ పంపిస్తామందట, మనవాళ్ళు కట్టారట. తప్పుడు ఉద్దేశంతో చేశారని నేను అనుకోవడం లేదు. మన లెక్చరర్ల మీద ఎంత టెన్షన్ ఉందో నాకు తెలుసు. ప్రమోషన్‌కి వ్యాసం కావాలి, ఇంటర్వ్యూకి వ్యాసం కావాలి, కాలేజీలకు గ్రేడు ఇచ్చే నాక్ వాళ్ళు వస్తే చూపించడానికి వ్యాసాల జాబితా కావాలి, ఆ జాబితాలో పత్రిక పేరు పక్కన ఏదో ఒక అంకె లేకపోతే పెదవి విరుస్తారు. అయినా సరే, ఆ అంకె తీసేయమని అడుగుతున్నాను.

అసలు ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అంటే ఏమిటో ఒక్కసారి చూద్దాం. యూజీన్ గార్ఫీల్డ్ అనే ఆయన 1955లో 'సైన్స్' అనే పత్రికలో ఒక వ్యాసం రాశారు. ఏ పరిశోధనను తర్వాత ఎవరెవరు ఉదహరించారో వెతుక్కునేలా సూచిక తయారు చేయవచ్చన్నది ఆయన ఆలోచన. దాని నుంచే 1960లలో సైన్స్ సైటేషన్ ఇండెక్స్ వచ్చింది, ఆ తర్వాత పత్రికల వారీ లెక్కలు వచ్చాయి. ఇప్పుడు ఆ లెక్కలు ఏటా క్లారివేట్ సంస్థ విడుదల చేస్తుంది. లెక్క కష్టమైనదేం కాదు. ఒక పత్రికలో గత రెండేళ్లలో వచ్చినవాటికి ఈ ఏడాది ఎన్ని సైటేషన్లు, అంటే ఉదహరింపులు, వచ్చాయో చూసి, ఆ రెండేళ్లలో అచ్చయిన వ్యాసాల సంఖ్యతో భాగించడమే. మన పత్రిక ఏడాదికి రెండు సంచికలు, సంచికకి పది వ్యాసాలు అనుకుందాం. రెండేళ్లకి నలభై. వాటికి ఈ ఏడాది పది సైటేషన్లు వస్తే 0.25. మరి ఐదు పైచిలుకు రావాలంటే ఒక్క ఏడాదిలో రెండు వందలకు పైగా రావాలి కదండీ. అన్ని ఎక్కడున్నాయి? మనల్ని ఉదహరించిన ఆ రెండు వందల చోట్లూ ఎవరైనా చూపించగలరా? ఇంకో సంగతి, క్లారివేట్ వాళ్ళు 2023 నుంచి ఒక్క దశాంశ స్థానం వరకే చూపిస్తున్నారు. మన గుండ్రంలో మూడు ఉన్నాయి. ఈ విషయం తెలిసిన మనిషి కవర్ చూడగానే లోపల ఏముందో చదవకుండానే పత్రిక పక్కన పెట్టేస్తాడు, ఆ లోపల ఎంత నిజాయితీ గల పని ఉన్నా సరే.

మనకి అంకెల మీద నమ్మకం లేక కాదు. వానాకాలంలో మనం బతికేది అంకెల మీదే. ధవళేశ్వరం దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఆ మాట వినగానే లంకల్లో వాళ్ళు గొడ్లను గట్టుకి తోలతారు, బియ్యం బస్తాలు అటక మీదికి ఎక్కిస్తారు. 2022 జూలైలో మూడోది కూడా దాటినప్పుడు మా వీధిలో ఎవరికీ కంటి మీద కునుకు లేదు. ఆ అంకెను ఎందుకు నమ్ముతాం? ఎక్కడ కొలిచారో తెలుసు, ఎవరు కొలిచారో తెలుసు, నిన్న కొలిచినచోటే ఇవాళా కొలిచారని తెలుసు. డబ్బు కడితే అడుగు తగ్గించి చెప్పే గేజి ఉంటే దాన్ని నమ్మి ఎవరైనా పిల్లలతో లంకలో పడుకుంటారా?

ఇంకో ప్రతిపాదన కూడా విన్నాను. ఇకమీదట మనకు వ్యాసం పంపేవాళ్ళు ఎవరైనా సరే మన పాత సంచికల నుంచి కనీసం మూడు వ్యాసాలను ఉదహరించాలని నియమం పెడదామన్నారట. దయచేసి ఇది వద్దు. సంబంధం ఉంటే మన వ్యాసాన్ని మన రచయితే ఉదహరించడంలో తప్పేమీ లేదు. దాళ్వా (రబీ వరి) నీటి ఎద్దడి మీద మూడేళ్ల కిందట మనం వేసిన వ్యాసాన్ని ఇప్పుడు అదే విషయం మీద రాసే మనిషి చూడకపోతే అదే లోపం. కానీ రొయ్యల మేత మీద రాసినవాళ్ళు కూడా ఆ మూడు పూర్తి చేయడానికి కవిత్వ విమర్శను తెచ్చి రిఫరెన్సుల్లో ఇరికిస్తే, ఆ రిఫరెన్సు జాబితా మొత్తం చెడిపోతుంది. ఇలాంటివి పట్టుకునే పద్ధతులు ఎప్పుడో వచ్చాయి. 2013లో బ్రెజిల్‌కి చెందిన నాలుగు వైద్య పత్రికలు ఒకదాన్నొకటి పెంచుకునేలా ఉదహరించుకుంటున్నాయని తేలి ఆ ఏడాది వాటికి ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ఇవ్వకుండా ఆపేశారు. అవేమీ ఊరూ పేరూ లేని పత్రికలు కావు.

యూజీసీ (విశ్వవిద్యాలయాల నిధుల సంఘం) సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. 2018 మేలో ఆమోదిత జాబితా నుంచి ఒక్కసారిగా 4,305 పత్రికలను తీసేశారు, తర్వాత మంచి పత్రికలు ఏవో చెప్పే కేర్ జాబితా అన్నారు, 2025 ఫిబ్రవరిలో దాన్నీ ఎత్తేశారు. ఇప్పుడు మంచి పత్రిక ఏదో తేల్చుకునే బాధ్యత విశ్వవిద్యాలయాల మీదా కాలేజీల మీదా పడింది. అంటే రేపు ఎవరైనా వచ్చి "మీ పత్రిక నాణ్యత ఏమిటి, ఎలా చెబుతారు" అని అడిగితే జవాబు మన దగ్గర ఉండాలి. కొనుక్కున్న గుండ్రం జవాబు కాదు. అసలైన జవాబు మన సంచికల వెనక పేజీల్లోనే ఉంది, కాబట్టి లేఖలో మిగతా భాగమంతా దాని గురించే రాస్తాను.

సైటేషన్లు లెక్కపెట్టడం పెద్ద పెద్ద సంస్థలకే చెందిన పని అనుకుంటాం గానీ, అది మొదలైంది చిన్న కాలేజీ లైబ్రరీ కోసం. 1927లో గ్రాస్ అనే ఇంటిపేరున్న ఇద్దరు, తమ కాలేజీ లైబ్రరీకి ఏ కెమిస్ట్రీ పత్రికలు తెప్పించాలో తేల్చడానికి, అమెరికన్ కెమికల్ సొసైటీ పత్రిక 1926 సంపుటం ముందేసుకుని అందులోని రిఫరెన్సులన్నీ లెక్కపెట్టారు. 3,633 వచ్చాయి. ఏ పత్రికను ఎక్కువమంది వాడుతున్నారో దాన్నిబట్టి చందాలు కట్టమన్నారు. కంప్యూటర్ లేదు, డబ్బు కట్టించుకునే ఏజెన్సీ లేదు, పెన్సిలూ కాగితమూ ఓపికా, అంతే. మన దేశంలో గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ గారు 1948లోనే గ్రంథాలయాల పనిని అంకెలతో పరిశీలించడానికి లైబ్రామెట్రీ అని పేరు పెట్టారు. నా వృత్తికి ఇది కొత్త విద్యేం కాదు.

అందుకని దసరా సెలవుల్లో నేనూ కూర్చున్నాను. మన గత సంచికలు వరసగా బల్ల మీద పెట్టుకుని, ప్రతి వ్యాసం చివరన ఉన్న రిఫరెన్సులు ఒక్కొక్కటే చదివి నోటుబుక్కులో గీతలు పెట్టుకుంటూ పోయాను. తర్వాత మన వ్యాసాల పేర్లు ఒక్కొక్కటిగా పరిశోధన వ్యాసాలను వెతికిపెట్టే గూగుల్ స్కాలర్‌లో కొట్టి చూశాను. నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజుల్లో నాకు కనబడినవి చెబుతాను.

ముందు, మనం ఎవరిని ఉదహరిస్తున్నాం అన్నది. వరి మీద మనం వేసిన వ్యాసాల్లో చాలావాటిలో ఫిలిప్పీన్స్ పరిశోధనలు కనిపించాయి, వెబ్‌సైట్లు కనిపించాయి, ఎప్పటివో పాఠ్యపుస్తకాలు కనిపించాయి. పక్కనే ఉన్న మార్టేరు వరి పరిశోధనా స్థానం పని మాత్రం వెతికి వెతికి ఒకటి రెండు చోట్ల దొరికింది. 1925 నుంచి మన మట్టిలో, మన కాలువ నీళ్లతో పనిచేస్తున్న కేంద్రం అది. కొబ్బరి మీద రాసినవాళ్ళదీ ఇదే పరిస్థితి, అంబాజీపేట పరిశోధనా కేంద్రం పేరు వ్యాసం మధ్యలో మాటల్లో వస్తుంది గానీ రిఫరెన్సుల్లో ఉండదు. దీనర్థం మన రచయితలు ఆ పని చదవలేదని కాదు, చదివినదాన్ని రాసే అలవాటు లేదని. ఇది అచ్చుకు ముందు తోటి పరిశోధకులు చేసే పరిశీలనలో, అంటే పీర్ రివ్యూలో, ఒక్క ప్రశ్నతో సరయ్యే లోపం: "ఈ విషయం మీద మన ప్రాంతంలో ముందు ఏం జరిగింది, ఎక్కడ చూశారు?"

రెండోది, మూలం చూడకుండా ఉదహరించడం. ఒక రిఫరెన్సులో సంవత్సరం తప్పు పడింది. అదే తప్పు సంవత్సరం, అదే తప్పు పేజీ నంబరుతో వరసగా మూడు సంచికల్లో ముగ్గురు రాశారు. ఒకరి నుంచి ఒకరు ఎత్తి రాసుకున్నారన్నమాట, అసలు వ్యాసం ఆ ముగ్గురిలో ఎంతమంది తెరిచారో వాళ్ళకే తెలియాలి. ఇది మనం దిద్దుకోవాల్సిన విషయం, ఎవరి పరువూ తీయడానికి చెప్పడం లేదు, అందుకే పేర్లు రాయలేదు.

మూడోది నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టింది. మన పేర్లు. మన దగ్గర ఇంటిపేరు ముందు, అదీ పొడి అక్షరాల్లో, తర్వాత అసలు పేరు. ఇంగ్లీషు పద్ధతిలో చివర ఉన్నదే ఇంటిపేరు అనుకుని సూచికలు లెక్క కడతాయి. మన పత్రికలో చాలాసార్లు రాసిన ఒక మేడమ్ ఉన్నారు, ఆవిడ పేరు ఒక వ్యాసంలో నాలుగు పొడి అక్షరాలతో లక్ష్మి అని, ఇంకో దాంట్లో పేరంతా కలిపి, మరో దాంట్లో రెండు ముక్కలుగా, ఇంకో దాంట్లో ఇంటిపేరు పూర్తిగా చివరికి పోయి అచ్చయింది. యంత్రానికి ఆవిడ ఒక మనిషి కాదు, నలుగురు. ఆవిడ పనికి వచ్చిన కాసిని సైటేషన్లూ ఆ నలుగురి మధ్యా పంచుకుపోయాయి. ఇక సత్యనారాయణలూ శ్రీనివాసరావులూ అయితే పదిమంది కలిసి ఒకే మనిషి అయిపోయినవాళ్ళు. దీనికి మందు 2012 నుంచే ఉంది, ఆర్కిడ్ అని, ప్రతి పరిశోధకుడికీ ఒక శాశ్వత నంబరు, పైసా ఖర్చు లేదు. వ్యాసం పంపేటప్పుడే ఆ నంబరు అడిగి, పేరు ఎప్పుడూ ఒకేలా రాయించుకుంటే చాలు.

మన పత్రిక పేరుది కూడా ఇదే కథ. తెలుగు పేరుని ఇంగ్లీషు అక్షరాల్లో రాసేటప్పుడు మొదటి పేజీలో దీర్ఘానికి రెండు అక్షరాలు, లోపలి పేజీల పైన ఒకటే, వెబ్‌సైట్‌లో మధ్యలో గీత. మనమే మూడు రకాలుగా రాస్తే, మనల్ని ఉదహరించేవాళ్ళు నాలుగో రకంగా రాయరా? పత్రికలకు ఇచ్చే గుర్తింపు నంబరు ఐఎస్ఎస్ఎన్ నమోదులో ఏ పేరుందో అదే అక్షరాలతో అన్నిచోట్లా ఉండాలి.

ఇక మనల్ని ఎవరు ఉదహరిస్తున్నారన్నది. శివారు భూముల్లో దాళ్వా చివర ఉప్పు ఎలా పైకి తేలుతోందో, మురుగు కాలువ పూడిపోయిన చోటికీ పూడిక తీసిన చోటికీ తేడా ఏమిటో, మన పత్రికలో ఒక వ్యాసం వచ్చింది గుర్తుందా? రచయిత మూడు సీజన్లు చేలగట్ల మీద తిరిగి నీళ్ళు సీసాల్లో పట్టి పరీక్ష చేయించిన వ్యాసం. గూగుల్ స్కాలర్‌లో దానికి సైటేషన్లు సున్నా. కానీ కిందటి వేసవిలో ఒక ఎమ్మెస్సీ అమ్మాయి మా లైబ్రరీకి వచ్చి ఆ పాత సంచిక అడిగింది, వాళ్ళ గైడు ఎక్కడో చూశారట. ఆ సంచికలో ఉన్న పట్టిక మొత్తం చేత్తో కాగితం మీద ఎక్కించుకుంది, ఫోన్‌లో ఫొటో తీసుకోవచ్చని చెప్పినా అంకెలు చేత్తో రాస్తేనే బుర్రలోకి వెళ్తాయండి అంది. "మరి దీన్ని రిఫరెన్సులో ఎలా రాస్తావమ్మా" అంటే, "నెట్‌లో లింకు లేదు మేడమ్, సార్ లింకు లేనివి వద్దన్నారు" అని బిక్కమొహం పెట్టింది. నెట్‌లో లేకపోవడం కాదండీ, ఉంది. మనం అచ్చు పేజీలను బొమ్మల్లా స్కాన్ చేసి పెట్టాం. అందులో అక్షరాలు యంత్రానికి కనబడవు, వెతికితే దొరకవు. ఆ వ్యాసం పనికి రాక సున్నా రాలేదు, మనం దాన్ని దొరక్కుండా పెట్టాం కాబట్టి వచ్చింది. సైటేషన్ విశ్లేషణ వల్ల నాకు కనబడిన అసలు ప్రయోజనం ఇదే, సున్నా ఎక్కడ ఉందో చూసి ఎందుకు ఉందో వెతకడం.

సైటేషన్లు ఉన్నచోట కూడా అంకె చూసి సంబరపడిపోకూడదు. మన ఆక్వా వ్యాసం ఒకదాన్ని బయటివాళ్ళు బాగానే ఉదహరించారు, తీరా తెరిచి చదివితే అందులో కొందరు మన వ్యాసంలో శాంపిళ్ళు చాలవని రాశారు. అది కూడా ఉపయోగమే, రివ్యూలో మనం ఏం వదిలేశామో వాళ్ళు చెప్పినట్టయింది. కానీ లెక్కలో అది కూడా ఒక ప్లస్సే. కాబట్టి ఏడాదికొకసారి కూర్చుని, మనల్ని ఉదహరించిన వాక్యాలను ఎవరైనా చదివి మండలికి చెప్పాలి. ఎన్ని అన్నది తర్వాత, ఏమన్నారు అన్నది ముందు.

రెండేళ్ల కొలత కూడా మనకు అన్నిచోట్లా సరిపోదు. వైద్యంలో, బయోటెక్నాలజీలో వ్యాసం వచ్చిన ఏడాదిలోనే ఉదహరిస్తారు. కాటన్ దొర కాలువల మీద, పాత దస్తావేజుల మీద, మన యాస మీద రాసిన వ్యాసాన్ని పదేళ్ల తర్వాత ఒకరు తీస్తారు. ఆ రెండింటినీ ఒకే కొలతతో కొలిస్తే తెలుగు, చరిత్ర వ్యాసాలు వేయడం దండగ అనిపిస్తుంది, రేపు ఎవరో ఒకరు ఆ మాట అననే అంటారు. 2015లో లైడెన్ మ్యానిఫెస్టో పేరుతో ఈ రంగంలో నిపుణులే పది సూత్రాలు రాశారు, అందులో స్థానికంగా అవసరమైన పరిశోధనను కాపాడుకోవాలని ఒకటుంది, రంగానికీ రంగానికీ మధ్య తేడాను లెక్కలోకి తీసుకోవాలని ఇంకోటుంది. అంతకుముందు వచ్చిన శాన్‌ఫ్రాన్సిస్కో డిక్లరేషన్ అయితే పత్రిక అంకెతో మనిషి పనిని కొలవొద్దని సూటిగా చెప్పింది. ఇవి మన కోసమే రాసినట్టున్నాయి.

ఇంకొక్క మాట. మార్టేరులో పుట్టిన స్వర్ణ వరి, మన రైతులు ఏడు సున్నా ఇరవైతొమ్మిది అనేది, 1982లో విడుదలైంది. ఒడిశా, బెంగాల్ దాకా వెళ్ళింది. వరద తట్టుకునే రకం కావాలని తర్వాత శాస్త్రవేత్తలు ముంపును ఓర్చే జన్యువును కలపడానికి ఎంచుకున్నదీ దాన్నే. ఆ విత్తనం చల్లిన ఏ రైతూ ఎక్కడా రిఫరెన్సు రాయడు. అలాంటి ఉపయోగం సైటేషన్ లెక్కకు కనబడదు, కనక మన పత్రికను ఎవరు అడుగుతున్నారో, ఏ సంచిక ఎక్కువ నలిగిందో లైబ్రరీ రిజిస్టర్ కూడా పక్కన పెట్టుకుందాం.

మరి ఏం చేయాలి? ఈ సంచిక కవర్ మీద గుండ్రం తీసేయించండి, అచ్చు ప్లేటు ఇంకా చేయలేదని ప్రెస్ కుర్రాడు చెప్పాడు. మూడు సైటేషన్ల నియమం మాట ఇక్కడితో వదిలేయండి. ఆ సర్టిఫికెట్‌కి కట్టే డబ్బు ఏటా కట్టాల్సినదేనట, దాన్ని వ్యాసాల వివరాలు నమోదు చేసే క్రాస్‌రెఫ్ సంస్థ సభ్యత్వానికి మళ్ళించండి. అప్పుడు ప్రతి వ్యాసానికీ డీఓఐ అనే శాశ్వత నంబరు వస్తుంది, ఆ అమ్మాయికి కావాల్సిన లింకు అదే. వ్యాసంతో పాటు మన రిఫరెన్సులు కూడా అక్కడ పెడితే మనం ఎవరిని ఉదహరించామో ప్రపంచానికి కనిపిస్తుంది. పత్రికను నెట్‌లో నడిపే ఓపెన్ జర్నల్ సిస్టమ్స్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, మన ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు ఒక వారంలో పెట్టగలరు. పాత సంచికలను వెతికితే దొరికే అక్షరాలుగా మళ్ళీ ఎక్కించాలి, తెలుగు వ్యాసాలకు ఇంగ్లీషు సారాంశం, ఇంగ్లీషు వ్యాసాలకు తెలుగు సారాంశం ఉండాలి. ఆ రెండోది లెక్కల కోసం కాదు, ఎవరి చేల మీద రాశామో వాళ్ళు చదవాలని.

రిఫరెన్సులు సరిచూసే పని నేను తీసుకుంటాను. ప్రతి సంచిక ప్రెస్‌కి వెళ్ళే ముందు వారం రోజులు ఇవ్వండి చాలు, డబ్బులేం అక్కర్లేదు. నా నోటుబుక్కు కూడా మండలికి ఇస్తాను, అందులో ఎవరి పేరూ బయటపెట్టే ఉద్దేశం లేదు, ఎవరి వ్యాసం పేజీ వాళ్ళకే చూపిస్తాను.

ఈ ఆదివారం పొద్దున్న పదింటికి లైబ్రరీ తెరిచి ఉంచుతాను. పాత సంచికలన్నీ పెద్ద బల్ల మీద ఉంటాయి. శివారు భూముల వ్యాసం ముందు ఎక్కిద్దాం, ఆ అమ్మాయి థీసిస్ ఇంకా ఇవ్వలేదు.

ఇట్లు,
మీ పత్రిక మొదటి సంచిక నుంచి చందాదారు,
కోనసీమలో ఒక డిగ్రీ కాలేజీ లైబ్రేరియన్